మాతృభాష గడిలో ఏం రాయించాలి?

ఇచ్ఛాపురం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. హైదరాబాదులో ఇంటిపేరు వినగానే "మీరు ఒరియావాళ్ళా?" అంటారనీ, బరంపురం పెళ్ళికి వెళ్తే "తెలుగోళ్ళ పిల్ల వచ్చింది" అంటారనీ, ఇంతకీ జనాభా లెక్కలవాళ్ళు వస్తే మాతృభాష ఏం చెప్పాలనీ అడిగావు. 2011లో టీచరుగా ఇదే ఊళ్ళో గడపగడపకీ తిరిగి ఆ గడి నింపినవాణ్ణి. దీనికి అంత టెన్షన్ అక్కర్లేదు.

మాకిచ్చిన పుస్తకంలో రూలు ఒక్కటే. చిన్నప్పుడు నీతో మీ అమ్మ ఏ భాషలో మాట్లాడిందో అదే నీ మాతృభాష. తల్లి పసితనంలోనే పోతే, ఇంట్లో ఎక్కువగా మాట్లాడిన భాష. తాతముత్తాతలెవరు, ఏ లిపి చదవగలవు, ఇవేవీ అందులో లేవు. మా అక్క నీకు గోరుముద్దలు పెట్టింది ఒడియాలోనే. కాబట్టి ఒడియా అని చెప్పు, అక్షరం ముక్క రాకపోయినా సరే. వచ్చిన మరో రెండు భాషలకి పక్కనే చోటుంటుంది. అక్కడ తెలుగు మొదట రాయించు. మీ నాన్నది బొబ్బిలి, ఆయనకి తెలుగే. ఇంట్లో అందరికీ ఒకే భాష ఉండాలని లేదు, మనిషి మనిషికీ విడిగా అడగాలి. కొందరు బద్ధకించి ఇంటి యజమానికి రాసిందే కిందికంతా దించేస్తారు. ఇంటిపేరు చూసి రాసేసేవాళ్ళూ ఉన్నారు. పక్కన నిలబడి చూడు. నువ్వు చెప్పింది రాయడమే వాళ్ళ పని.

ఇక అసలు మనం ఎక్కడివాళ్ళమంటావా? తాతగారి దస్తావేజులో "గంజాం జిల్లా" అని చూసి, ఒడిశా నుంచి వలసొచ్చామని తేల్చేయకు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఇచ్ఛాపురం, టెక్కలి, ఆఖరికి శ్రీకాకుళం కూడా గంజాం జిల్లాలోవే. గంజాం అటు పోయింది, మనం విశాఖపట్నం జిల్లాలో పడ్డాం, 1950లో శ్రీకాకుళం జిల్లా అయ్యాం. అటు మిగిలిన తెలుగువాళ్ళూ తక్కువేం కాదు. వి.వి. గిరి పుట్టింది బరంపురంలోనే. పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపారని గిడుగు రామమూర్తి గారు అంత కాలం ఉన్న ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చుకుని దానికి నిఘంటువు చేసినాయన! ఆయన బాధ నాకు అర్థమవుతుంది. దాన్ని నువ్వూ నేనూ ఇప్పుడు మోయాలంటే మాత్రం ఒప్పుకోను.

మా అమ్మ సంతలో బేరం తెలుగులో ఆడి, ఇంటికొచ్చి చిల్లర ఒడియాలో లెక్కపెట్టుకునేది. మార్గశిర గురువారాలు తడి బియ్యప్పిండితో గడప నుంచి దేవుడి గది దాకా లక్ష్మి పాదాలు వేస్తూ, తొక్కబోయిన మమ్మల్ని తెలుగులో తిట్టేది. ఆవిడకి ఈ సందేహమే రాలేదు.

నీకు రుచించని మాట ఒకటి చెప్తాను. అదే రూలు నీ కూతురికీ వర్తిస్తుంది. పొద్దున్న లేపడం నుంచి రాత్రి పడుకోబెట్టేదాకా నువ్వు దానితో ఇంగ్లీషే. ఉన్నదున్నట్టు చెప్తే దాని గడిలో ఇంగ్లీషు పడుతుంది. ఒడియా అని రాయించినా ఎవరూ కాదనరు, నాకే మనసొప్పదు. వేసవి సెలవులకి దాన్ని ఇక్కడ దింపి వెళ్ళు. మీ అత్తయ్యకి ఇంగ్లీషు రాదు, ఎదురింటి పిల్లలకీ అంతంతమాత్రం. రోజూ ఫోన్ చేసి నువ్వు మాత్రం దానితో ఇంగ్లీషు మొదలెట్టకు.

ఇట్లు,
మామయ్య