పొయ్యి మంటకు ఆ నీలం ఎక్కడిది?

ప్రశ్న: గ్యాస్ మంట నీలంగా ఉండేది సి.హెచ్. రాడికల్ వల్లేనని మా అబ్బాయికి ఇంటర్ లెక్చరర్ చెప్పారట. అది సిలిండర్‌లోనే ఉంటుందా? మా ఇల్లు బీచ్ పక్కనే. సముద్రపు గాలి వీస్తే మంటలో పసుపు మెరుస్తోంది. అదీ దీని పనేనా?
– ఒక గృహిణి, పెదవాల్తేరు, విశాఖపట్నం

జవాబు: సిలిండర్‌లో ఉండేది ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్. సి.హెచ్. మంటలోనే పుట్టి మంటలోనే పోతుంది. ఒక కార్బన్, ఒక హైడ్రోజన్, అంతే. నాలుగు బంధాలు కట్టాల్సిన కార్బన్ ఒక్కటే కట్టింది. మిగిలిన మూడు ఎలక్ట్రాన్లలో రెండు జంటకట్టాయి, ఒకటి ఒంటరి. ఇలా ఒంటరి ఎలక్ట్రాన్ ఉన్నదే రాడికల్. అందుకే ఎదురైనదాన్నల్లా పట్టుకుంటుంది. ఓ పట్టాన కదలని మీథేన్‌నీ వదలదు: దాని బంధంలోకి దూరి, ఒక హైడ్రోజన్‌ను బయటికి నెట్టి, ఎథిలీన్ అయిపోతుంది. ఇక సీసాలో ఏం నిలుస్తుంది! ఢీకొనేవి అరుదైన నక్షత్రాల నడిమి ఖాళీలో మాత్రం నిలుస్తుంది. 1937లో అక్కడ మొదటగా గుర్తించిన అణువు ఇదే.

మంటలో కొంత సి.హెచ్. అదనపు శక్తితో పుడుతుంది. మైక్రోసెకను తిరక్కుండానే దాన్ని 431 నానోమీటర్ల తరంగదైర్ఘ్యపు ఊదా వెలుగుగా వదిలేస్తుంది. అయితే ‘దీనివల్లే’ అనడం సగం నిజమే. లోపలి కోనులోని ఆకుపచ్చ ఛాయ రెండు కార్బన్ల జంటది, 516 నానోమీటర్ల దగ్గర. బయటి పలచని నీలం ఎక్కువగా కార్బన్ మోనాక్సైడ్ మండుతున్నప్పటిది.

పసుపుకు సి.హెచ్.తో సంబంధం లేదు. ఉప్పుగాలిలోని సోడియం కావచ్చు, మసి కావచ్చు. మంట వెలుగును సీడీతో రంగులుగా విడదీసి చూస్తే తేల్చుకోవడం తేలికే. పాత రాసుకునే సీడీ లేబుల్ వైపు గీరి, ప్యాకింగ్ టేపుతో పొర లాగేయండి. అట్టకు రెండు బ్లేడ్లు అర మిల్లీమీటరు సందుతో అంటించి, మంటకు అడుగు దూరంలో నిలబెట్టండి. సీడీ అంచు భాగాన్ని కంటికి ఆనించి, దాని గాడులు సందుకు సమాంతరంగా ఉండేలా పట్టుకుని, సందుకు 15–22 డిగ్రీల పక్కకు చూడండి. గాడులు అడ్డంగా ఉంటే ఏమీ కనబడదు. ట్యూబ్‌లైట్ ఆపేయాలి, అందులోని పాదరసపు 436 గీత చూసి సి.హెచ్. అనుకుంటారు.

పసుపులో ఒకే సన్నని గీత, 589 దగ్గర కనిపిస్తే సోడియం. పొయ్యికి ఏ లోపమూ లేదు. పులుసు పొంగినా ఇదే గీత వస్తుంది. ఆకుపచ్చ నుంచి ఎరుపు దాకా తెగకుండా పట్టీలా ఉంటే మసి: గాలి చాలడంలేదు, గిన్నెల అడుగూ నల్లబడుతుంటుంది. రెగ్యులేటర్ కట్టేసి, చల్లారాక బర్నర్ తీసి, రంధ్రాలు పిన్నుతో పొడిచి కడిగి, పూర్తిగా ఆరాకే బిగించండి. కింది గాలి రంధ్రం దుమ్ముపట్టిందేమో చూడండి. గ్యాస్ చిమ్మే ఇత్తడి జెట్‌లో మాత్రం పిన్ను పెట్టొద్దు. మెత్తని లోహం, రంధ్రం సాగితే గ్యాస్ ఎక్కువై పసుపు ఇంకా పెరుగుతుంది.