బుజ్జీ, కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకో

ఉద్యోగానికి మూడు నెలలు సెలవు పెట్టి అమ్మ కీమో నువ్వే దగ్గరుండి చూసుకుంటానన్నావట, మీ నాన్న ఫోన్లో చెప్పాడు. పొంగిపోయాను. ఆ వెంటనే గుండెల్లో రాయి పడ్డట్టయింది.

సీబీపీకి, అదే రక్తకణాలు లెక్కపెట్టే పరీక్షకి, పరగడుపున వెళ్లక్కర్లేదు. ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించు. తెల్లకణాల టోటల్ కౌంట్ మామూలుగా 4,000 నుంచి 11,000. ఇవన్నీ నీకూ తెలిసే ఉంటాయి.

ఇది మాత్రం విను. 31 ఏళ్లు మైక్రోస్కోప్ ముందు కూర్చుని ఊళ్లోవాళ్ల కణాలన్నీ లెక్కపెట్టినదాన్ని, ఇంట్లో మనిషి రిపోర్టు చదవలేకపోయాను. మీ మావయ్యకి రెండో కీమో అయిన పదో రోజది. టోటల్ 3,000. కాస్త తగ్గింది, అంతేగా అనుకున్నాను. దాని కిందే న్యూట్రోఫిల్స్ 15 శాతం అని ఉంది, చూశాను కూడా, గుణించలేదు. 3,000లో 15 శాతమంటే 450. తెల్లకణాల్లో ఇన్ఫెక్షన్ మీదికి ముందు ఉరికేవి ఆ న్యూట్రోఫిల్సే, అవి 500 లోపుకి పడిపోతే ఇంటికి తలుపుల్లేనట్టే. ఆ రాత్రి 101 జ్వరం. పారాసిటమాల్ వేసి, దుప్పటి కప్పి, తెల్లారాక వెళ్దాంలెండి అన్నాను. నేనే అన్నాను! తెల్లారేసరికి బీపీ పడిపోయింది. 11 రోజులు ఆస్పత్రిలో ఉండి బయటపడ్డారు. ఈనాటికీ ఒక్క మాట దెప్పలేదాయన, అదే నన్ను తినేస్తుంది.

అందుకే చెప్తున్నా, కీమో అయిన వారం తర్వాత కౌంట్ బాగా పడే రోజులు మొదలవుతాయి, ఇంకో వారం దాకా థర్మామీటర్ అమ్మ మంచం పక్కనే ఉండాలి. 100.4 కనబడిందా, అర్ధరాత్రయినా బయల్దేరు. ముందు మాత్ర వేసి చూద్దాం అనకు, అది జ్వరాన్ని కప్పేస్తుంది. క్యాజువాలిటీలో నోరు తెరవగానే "కీమో నడుస్తోంది" అను, నీ మొహమాటంతో క్యూలో కూర్చున్నావంటే నేనొచ్చి తంతాను.

కౌంట్ పెంచే ఇంజెక్షన్ ఇచ్చాక ఒక్కోసారి 20,000 దాటుతుంది. బోల్డ్ అక్షరాలు చూసి గూగుల్‌లో పడి ఏడవకు, డాక్టరుకి చూపించు.

చిన్నప్పుడు నా ల్యాబ్‌కి వస్తే సూది కనబడగానే నా కొంగు వెనక దాక్కునేదానివి. అమ్మకి రక్తం తీసేటప్పుడు అటు తిరుగు, ఏం పర్లేదు. రిపోర్టు రాగానే ఫోటో పంపు, ఇక్కడ నేనూ గుణిస్తాను.

మీ అత్తయ్య