కొత్త దేశపు సైన్యం: చెట్టు కింద నేను చూసిన జీతాల పుస్తకం

కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశం తన సైన్యాన్ని పాత పాలకులు వదిలి వెళ్లిన దళంతో నిర్మించుకోవాలా, లేక స్వాతంత్ర్యం కోసం అడవుల్లో పోరాడిన గెరిల్లాలతో నిర్మించుకోవాలా అని అడిగారు.

నేను భారత సైన్యంలో 24 ఏళ్లు క్లర్కుగా పనిచేసి హవల్దారుగా రిటైరయ్యాను. అందులో ఒక ఏడాది ఐక్యరాజ్యసమితి శాంతిదళంలో భాగంగా ఒక కొత్త దేశంలో ఉన్నాను. దేశం పేరు రాయను. అప్పుడు నాతో మనసు విప్పి మాట్లాడినవాళ్లు ఇంకా అక్కడే బతుకుతున్నారు. నా జవాబు ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఎవరితో మొదలుపెట్టారన్నది రెండో సంగతి. సైనికుడి పేరు ఎవరి పుస్తకంలో ఉంది, జీతం ఎవరి చేతి మీదుగా అందుతోంది అన్నదే మొదటి సంగతి. అది తేలకుండా ఎన్ని తుపాకులు కొన్నా, ఒకే రంగు బట్టలు వేసుకున్న నాలుగు గుంపులే మిగులుతాయి.

మా క్యాంపు పక్కనే ఆ దేశపు సైనికుల స్థావరం ఉండేది. మధ్యలో ఒక ముళ్లకంచె, ఒక మట్టిరోడ్డు. ఒకరోజు మా ఆఫీసరు వెంట అక్కడికి వెళ్లాను. కాన్వాయ్ వెళ్లే దారి గురించి ఒక ఉత్తరం ఇచ్చి సంతకం తీసుకోవాలి, అంతే పని. తీరా వెళ్లేసరికి అది వాళ్ల జీతాల రోజు. నాలుగు నెలల తర్వాత వచ్చిన జీతం. కమాండర్ బండిలోంచి రెండు గోనెసంచులు దించారు. రెండింటి నిండా నోట్ల కట్టలే. చెట్టు కింద ప్లాస్టిక్ టేబుల్, దాని మీద అట్ట ఊడిపోయిన పొడుగాటి పుస్తకం ఒకటి. వందలమంది ఎండలో బారులు తీరి కూర్చున్నారు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. అందరి చూపూ ఆ సంచుల మీదే.

నా చూపు మాత్రం పుస్తకం మీదకు పోయింది. స్కేలు పెట్టి చేత్తో గీసిన గళ్లు, ముత్యాల్లాంటి చేతిరాత. ఆ రాసినతను ఏ సైన్యంలో ఉన్నా మంచి క్లర్కు అనిపించుకునేవాడు. ప్రతి పేజీ పైన ఒక పేరు, దాని కింద రెండు గీతలు కనిపించాయి. కంపెనీ పేరో ప్లాటూన్ పేరో అనుకుని దుబాసీని అడిగాను. "కాదు సార్, అవి నాయకుల పేర్లు" అన్నాడు. యుద్ధం రోజుల్లో ఎవరు ఏ నాయకుడి వెంట అడవిలో నడిచారో, ఇప్పటికీ అదే లెక్కన పేజీలు. పేజీకి సరిపడా డబ్బు నాయకుడి చేతికిస్తారు, అతను తనవాళ్లకు పంచుతాడు.

ఆ తర్వాత తిప్పిన పేజీ ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. పైన నాయకుడి పేరు, కింద ముప్ఫైకి పైగా పేర్లు. పై మూల నుంచి కింది మూలదాకా ఎర్ర ఇంకుతో ఒకటే గీత. గుండె ఝల్లుమంది. "వీళ్లంతా చనిపోయారా?" అని అడిగాను. "లేదు సార్, వెళ్లిపోయారు." ఆ నాయకుడికి పై ఆఫీసరుతో పడలేదట. ఒక రాత్రి తుపాకులతో సహా మళ్లీ అడవికి వెళ్లిపోయాడు. ఆ పేజీలో ఉన్నవాళ్లంతా వెంట వెళ్లారు. ఒక్కడు కూడా ఆగలేదు. ఎందుకు ఆగుతాడు? ఆగితే అతనికి జీతం ఏ పేజీలో రాస్తారు?

దీన్ని మన పద్ధతితో పోల్చి చూడండి. మన జవాను జీతం లెక్క అతని కమాండింగ్ ఆఫీసరు దగ్గర ఉండదు. పే అకౌంట్స్ ఆఫీసులో, రక్షణ ఖాతాల విభాగపు సివిల్ సిబ్బంది దగ్గర ఉంటుంది. యూనిట్ చేయాల్సింది పార్ట్ టూ ఆర్డర్, అంటే జవాను వివరాల్లో వచ్చిన మార్పును తెలిపే అధికారిక కాగితం, పంపడం. పెళ్లయినా, బిడ్డ పుట్టినా, ప్రమోషన్ వచ్చినా పార్ట్ టూ ఆర్డర్ పడాలి. జవాను వివరాలన్నీ రాసే షీట్ రోల్‌లో తండ్రి పేరు, భార్య పేరు, పిల్లల పుట్టిన తేదీలు ఉండాలి. ఒక్క తేదీ తప్పు పడితే ఆ కుటుంబానికి పెన్షన్ దగ్గర ఎంత నరకమో నేను కళ్లారా చూశాను. అందుకే రాత్రిళ్లు కూర్చుని మరీ సరిచూసుకునేవాళ్లం. కమాండింగ్ ఆఫీసర్లు వస్తారు, పోతారు. వచ్చిన ప్రతి ఒక్కరినీ జవాను గౌరవిస్తాడు. కానీ ఏ కల్నల్ అయినా రేపు "నాతో రండి" అని ఎటో బయల్దేరితే, జవాను జీతం ఆయన వెంట వెళ్లదు. ఈ ఒక్క ఏర్పాటు ఎంత గట్టిదో మనకు తెలియడం లేదు. టీవీ చర్చల్లో యుద్ధ విమానాలు, క్షిపణులు, పరేడ్‌లు తప్ప ఇంకో మాట వినపడదు. క్లర్కు అంటే కాగితాలు నలిపేవాడన్న చులకన సైన్యం లోపలా ఉంది, బయటా ఉంది. అది నాకు చాలా బాధ కలిగిస్తుంది.

ఇక మీ ప్రశ్నలో మొదటి దారి, అంటే పాత పాలకుల దళం. కాంగోకు 1960 జూన్ 30న స్వాతంత్ర్యం వచ్చింది. బెల్జియం వదిలిన ఫోర్స్ పబ్లిక్ అనే సైనిక దళంలో దాదాపు 25 వేలమంది సైనికులు ఉండేవారు. ఆఫీసర్లలో కాంగో మనిషి ఒక్కడూ లేడు. జెండా మారిన ఐదు రోజులకు, జులై 5న, కమాండర్ జనరల్ జాన్సెన్స్ తన కింది వాళ్లను సమావేశపరచి, బోర్డు మీద సుద్దముక్కతో "స్వాతంత్ర్యానికి ముందు = స్వాతంత్ర్యం తర్వాత" అని రాశాడు. ఎదురుగా కూర్చున్న సార్జెంటు స్థానంలో నన్ను నేను ఊహించుకుంటే ఇప్పటికీ రక్తం మరుగుతుంది. అప్పటికే మంత్రులు మారారు, గుమాస్తాలకు కుర్చీలు మారాయి, సైనికుడికి మాత్రం ఏదీ మారదని ఆ బోర్డు చెప్పింది. తిరుగుబాటు వెంటనే మొదలైంది. ప్రధాని లుముంబా అందరికీ ఒక ర్యాంకు పెంచాడు, జాన్సెన్స్‌ను తీసేశాడు, అయినా మంట ఆగలేదు. జులై 11కల్లా కటంగా అనే రాష్ట్రం విడిపోతున్నట్టు ప్రకటించుకుంది. ఆ చిచ్చు ఆర్పడానికి వెళ్లిన ఐరాస దళంలో మనవాళ్లూ ఉన్నారు. కెప్టెన్ గుర్బచన్ సింగ్ సలారియా 1961 డిసెంబర్ 5న కటంగా రాజధాని ఎలిజబెత్‌విల్‌లో పోరాడుతూ ప్రాణాలిచ్చి పరమవీర చక్ర పొందారు. శాంతిదళానికి వెళ్లే ప్రతి భారత సైనికుడూ ఆ పేరు తెలుసుకుని వెళ్లాలి.

కాంగో కథ అక్కడితో అయిపోలేదు. 1991 సెప్టెంబర్‌లో జీతాలు సరిగా అందని పారాట్రూపర్లు కిన్షాసాలో దుకాణాలు దోచారు. 1993 జనవరిలో ప్రభుత్వం సైనికులకు కొత్తగా అచ్చేసిన 50 లక్షల జైర్ల (అప్పటి అక్కడి కరెన్సీ) నోట్లతో జీతాలిచ్చింది. ఆ నోటు పుచ్చుకోవడానికి వ్యాపారులు ఒప్పుకోలేదు. చేతిలో జీతం ఉంది, దానికి ఏదీ రాదు. సైనికులు మళ్లీ రోడ్డెక్కారు, కాల్పులు జరిగాయి, ఆ గొడవల్లో ఫ్రాన్స్ రాయబారి కూడా చనిపోయారు. చివరికి 2005లో యూరోపియన్ యూనియన్ పంపిన సలహా బృందం అక్కడ పట్టుకున్న ముఖ్యమైన పని ఏమిటో తెలుసా? జీతం వెళ్లే దారిని ఆజ్ఞలు వెళ్లే దారి నుంచి విడదీయడం, సైనికులను ఒక్కొక్కరినీ వేలిముద్రలతో లెక్కపెట్టి కార్డులివ్వడం. 1960లో చేయాల్సిన పని 45 ఏళ్లు ఆలస్యంగా మొదలైంది.

రెండో దారి గెరిల్లాలు. తూర్పు తైమూర్ వీరులు ఇండోనేషియాతో 24 ఏళ్లు అడవుల్లో పోరాడారు. 2001లో వాళ్లతోనే కొత్త సైన్యం మొదలైంది, 2002లో దేశం స్వతంత్రమైంది. త్యాగాలలో ఆ సైన్యానికి ఎవరూ వంక పెట్టలేరు. కానీ 2006లో, 1,400 మంది ఉన్న ఆ చిన్న సైన్యంలో దాదాపు 600 మంది, ప్రమోషన్లలో తూర్పువాళ్లకే పెద్దపీట, పడమటివాళ్లకు అన్యాయం అని ఫిర్యాదు చేసి బ్యారక్‌లు వదిలేశారు. వాళ్లందరినీ ఉద్యోగాల్లోంచి తీసేశారు. కొన్ని వారాలకే సైన్యం, పోలీసులు ఒకరినొకరు కాల్చుకునేదాకా వచ్చింది. లక్షమందికి పైగా ఇళ్లు వదిలారు. ఆ ఫిర్యాదును ఒక్కొక్కరి సర్వీసు రికార్డు తెరిచి చూసి తేల్చి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదని నేను గట్టిగా నమ్ముతాను.

దక్షిణ సూడాన్‌ది ఇంకా పెద్ద పాఠం. 2006లో జుబా ఒప్పందంతో పోటీ దళాలను ప్రధాన సైన్యంలో కలుపుకున్నారు. శాంతి కోసం అది అవసరమే, కాదనను. కానీ దళాలను దళాలుగానే కలిపారు. నాయకుడికి పెద్ద ర్యాంకు, అతని వెంట అతని మనుషులు. పోనుపోను జనరళ్ల సంఖ్య 700 దాటింది. 2011 జులై 9న దేశం ఏర్పడింది, 2013 డిసెంబర్‌లో అధ్యక్షుడి రక్షకదళంలోనే చీలిక వచ్చి అంతర్యుద్ధం మొదలైంది. 2022 ఆగస్టులో, ఇరుపక్షాలవాళ్లను కలిపి తయారుచేసిన ఏకీకృత దళాల పాసింగ్ అవుట్ జరిగినప్పుడు ఆయుధాల మీద ఆంక్షలుండటంతో చాలామంది చేతుల్లో కర్రలే ఉన్నాయి. ఆ ఫొటోలు చూసి నాకు కర్రల మీద బెంగ కలగలేదు. ఒక్కొక్కరి పేరు ఏ పేజీలో రాశారో అన్న బెంగే కలిగింది.

మన సంగతి. 1947లో సైన్యాన్ని మనకూ పాకిస్తాన్‌కూ సుమారు రెండుకు ఒకటి చొప్పున పంచారు. రెజిమెంట్లే రెండు ముక్కలయ్యాయి. సైన్యానికి తొలి భారతీయ కమాండర్ ఇన్ చీఫ్‌గా కరియప్ప 1949 జనవరి 15న వచ్చారు. వైమానిక దళానికి 1954లో సుబ్రతో ముఖర్జీ, నౌకాదళానికి 1958లో కటారి వచ్చేదాకా ఇంగ్లీషువాళ్లే అధిపతులు. ఇది సిగ్గుచేటు అనేవాళ్లు ఉన్నారు. నేను అలా అనుకోను. పైన ఎవరున్నా కింద జవాను నంబర్, పేబుక్ చెక్కుచెదరలేదు. ఆజాద్ హింద్ ఫౌజ్ వీరులను మాత్రం సైన్యంలోకి తిరిగి తీసుకోలేదు. అది అన్యాయమే, ఆ మాట చెప్పడానికి నాకు సంకోచం లేదు. కేంద్రం స్వాతంత్ర్య సమరయోధుల పెన్షన్ పథకం తెచ్చేసరికే 1972 వచ్చింది. అప్పటికి ఎంతమంది పోయారో.

పాకిస్తాన్‌దీ ఇదే పద్ధతి కదా, అక్కడ 1958లో సైన్యమే గద్దెనెక్కింది కదా అంటారు. నిజమే. కానీ అప్పుడు సైన్యం ముక్కలు కాలేదు, గమనించండి. సైన్యం చీలిపోకుండా ఉండటం ఎలా అన్నది ఒక ప్రశ్న, అది ప్రభుత్వం మాట వినేలా చేయడం ఎలా అన్నది ఇంకో ప్రశ్న. నేను మొదటిదానికే జవాబు చెబుతున్నాను.

ఇంకొక్క మాట. ఆ ఏడాదిలో విదేశీ శిక్షకులు వచ్చి పోవడం ఎన్నోసార్లు చూశాను. మూడు రోజుల వర్క్‌షాప్, గోడమీద బొమ్మల చార్టులు, మానవ హక్కుల మీద ఉపన్యాసం, చివర్లో సర్టిఫికెట్, గ్రూప్ ఫొటో. ఆ పాఠాలు తప్పని కాదు. నాలుగు నెలలుగా జీతం లేనివాడికి మూడు రోజుల పాఠం ఎక్కడ అంటుతుంది? అన్ని ఖర్చులు పెట్టినవాళ్లు ఇద్దరు మంచి క్లర్కులను, ఒక రికార్డ్ ఆఫీసును ఎందుకు ఇవ్వలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ జీతాల రోజున బారుల చివర ఒక పెద్దాయన విడిగా కూర్చుని ఉన్నాడు. తల నెరిసింది, ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు. పంపకం అయిపోయాక దుబాసీతో కలిసి ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన నాయకుడు యుద్ధంలో చనిపోయాడు. నాయకుడు లేడు కాబట్టి పుస్తకంలో పేజీ లేదు. జీతాల రోజున వచ్చి అన్ని పేజీలూ అయ్యేదాకా కూర్చుంటాడు. సంచిలో ఏదైనా మిగిలితే ఎవరో ఒకరు ఇంత చేతిలో పెడతారు. జేబులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి చూపించాడు. అందులో మూడు వర్క్‌షాప్ సర్టిఫికెట్లు, మడతల దగ్గర చిరిగిపోయిన ఒక ఉత్తరం. ఫలానా మనిషి నా వెంట పోరాడాడు అని ఆ చనిపోయిన నాయకుడు రాసిచ్చిన ఉత్తరం.

మా పుస్తకాల్లో సైనికుల గురించి ఏం రాస్తారని అడిగాడు. నా ప్యాడ్‌లోంచి ఒక కాగితం చింపి షీట్ రోల్‌లా గళ్లు గీశాను. "మీ పేరు? తండ్రి పేరు? భార్య పేరు?" ఒక్కొక్కటి అడిగి రాశాను. పుట్టిన తేదీ తెలియదన్నాడు, పెద్ద వరద వచ్చిన ఏడాది అన్నాడు, అదే రాశాను. పిల్లలు ఐదుగురు, బతికున్నవాళ్లు ముగ్గురు. గాయం, ఎడమ చేయి. అన్నీ నిండాయి. పైన మొదటి గడి ఒక్కటే ఖాళీగా మిగిలింది. దాని మీద వేలు పెట్టి ఇక్కడేం రాయాలని అడిగాడు. "మీ నంబర్. అది మీ ప్రభుత్వం ఇవ్వాలి" అన్నాను. దుబాసీ ఆ మాట చెప్పాక పెద్దాయన కాసేపు ఆలోచించి, ఏ ఆఫీసులో ఇస్తారని అడిగాడు. దుబాసీ నా వైపు చూశాడు, నేను దుబాసీ వైపు చూశాను. పెద్దాయన ఆ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి, ఉత్తరం పక్కన పెట్టుకున్నాడు.