ముధోల్ కుక్కకి పక్కటెముకలు కనిపిస్తే బక్కచిక్కినట్టేనా?

మీ ముధోల్ కుక్కకి పక్కటెముకలు కనిపిస్తున్నాయి, బక్క కుక్కని ఇచ్చి మోసం చేశారేమో అని అడిగారు. మిమ్మల్ని ఎవరూ మోసం చేయలేదు, అది ఆ జాతి వాటమే. కావలి ఎండల్లో అన్నం, పాలు రెట్టింపు చేసినా 14 నెలల ముధోల్ మగకుక్కకి ఒళ్లు పట్టలేదన్నారు. పట్టదు. కర్ణాటక బాగల్‌కోట్ జిల్లా ముధోల్ నుంచి వచ్చిన ఈ జాతి వాసన పట్టి కాదు, చూపుతో తరిమి వేటాడేది. 68–72 సెం.మీ. ఎత్తు మగదానికి 22–28 కిలోలే లెక్క. పక్కింటి లాబ్రడార్‌తో పోలిక పెట్టకండి.

అందరూ కంటితో చూసి ఆగిపోతారు. చేత్తో చూడాలి:

1. కుక్కని నిలబెట్టండి. చివరి పక్కటెముకకీ తుంటికీ మధ్య, వెన్నుకి అటు బొటనవేలు, ఇటు చూపుడువేలు పెట్టి నొక్కండి.
2. కండ గట్టిగా, నిండుగా తగిలితే బాగున్నట్టే. చివరి రెండు మూడు ఎముకలు కనిపించినా ఫర్వాలేదు.
3. వెన్ను రంపంలా గుచ్చుకుని, రెండు పక్కలా గుంట పడితే అది నిజంగా బక్కే. ముందు మలం పరీక్ష చేయించి, బరువుని బట్టి నట్టల మందు వేయించండి.
4. పైపెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. పాలిపోయి ఉంటే రక్తపరీక్ష ఆలస్యం చేయకండి, పిడుదుల వల్ల వచ్చే జ్వరం కావచ్చు.

పాలు తగ్గించండి, విరేచనాలకి అదే కారణం కావచ్చు. ఆ స్థానంలో ఉడికించిన గుడ్డు, కోడిమాంసం మేలు.

వచ్చే నెల ఆపరేషన్ అన్నారు కదా, మత్తుకి ముందే ఇది ముధోల్ అని డాక్టరుకి చెప్పండి. ఒంట్లో కొవ్వు తక్కువ కాబట్టి థయోపెంటాల్ లాంటి మత్తు వీటికి త్వరగా దిగదు.