పురుగుల ఫోటోలు తీసే అమ్మాయికి ఏ చదువు?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా, మిరప రైతులం. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. తెల్లారకముందే చేలోకి వెళ్లి, ఫోన్‌కి చిన్న లెన్స్ తగిలించి పురుగుల్ని, పూలను ఫోటోలు తీస్తుంది. ఇలా చిన్నవాటిని బాగా దగ్గరగా తీసే మ్యాక్రో ఫోటోగ్రఫీయే నా కెరీర్ అంటోంది, లక్ష రూపాయల కెమెరా అడుగుతోంది. మాకు టెన్షన్‌గా ఉంది. ఏం చెప్పమంటారు? – ఒక తండ్రి

జవాబు: అయ్యా, ముందు ఒక సంగతి గమనించండి. ఫోటో తీశాక మీ అమ్మాయి ఏం చేస్తోంది? బాగుందని దాచుకుంటోందా, లేక ఆ పురుగు పేరేమిటి, ఏం తింటుంది, ఆకు కింద ఎందుకు ఉందని వెతుకుతోందా? రెండోదైతే ఆమె దారి కెమెరాది కాదు, పురుగులదే. ఆ చదువును కీటకశాస్త్రం అంటారు.

2021లో మిరప పూలను పాడుచేసిన నల్ల తామర పురుగును మీరు మర్చిపోయి ఉండరు. దాని పొడవు సుమారు ఒక మిల్లీమీటరు. మొక్కజొన్నలో కత్తెర పురుగును గుర్తుపట్టేది కూడా తల మీద తిరగేసిన ‘వై’ ఆకారం గుర్తుతో, తోక దగ్గర చదరంగా ఉండే నాలుగు చుక్కలతో. ఇంత చిన్న గుర్తుల్ని స్పష్టంగా చూపే ఫోటో ఉంటే రైతు వేరే పురుగు అనుకుని వేరే మందు కొట్టడు. నా దృష్టిలో మీ అమ్మాయి చేతిలో ఉన్న విద్యకు అసలు విలువ ఇక్కడే ఉంది. పురుగుల ఫోటోలు మాత్రమే అమ్మి ఇల్లు గడపడం మన దగ్గర చాలా కష్టం. ఈ మాట ఆమెకు దాచకుండా చెప్పండి.

బైపీసీ ఉంది కాబట్టి ఎప్‌సెట్ అగ్రికల్చర్ విభాగం రాయించండి. జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో బీఎస్సీ అగ్రికల్చర్ నాలుగేళ్లు. రైతు కుటుంబాల పిల్లలకు రైతు కోటా ఉంటుంది, షరతులు ఈ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి. తర్వాత ఎంఎస్సీలో కీటకశాస్త్రం తీసుకోవచ్చు. ఇలాంటి పని జరిగే సంస్థలూ మన దేశంలో ఉన్నాయి. బెంగళూరులో వ్యవసాయ కీటకాల మీద జాతీయ సంస్థ ఎన్‌బీఏఐఆర్ ఉంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో మొక్కల ఆరోగ్య సంస్థ ఎన్‌ఐపీహెచ్‌ఎం ఉంది. దేశంలోని జంతుజాతులను అధ్యయనం చేసే జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కోల్‌కతా కేంద్రంగా పనిచేస్తోంది. ఒకవేళ ఆమె మనసు నిజంగా ఫోటో మీదే ఉంటే, హైదరాబాద్‌లోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో ఫోటోగ్రఫీ డిగ్రీ ఉంది. అదీ తప్పు కాదు.

కెమెరా ఇప్పుడే వద్దు. తెల్లవారుజామున చలికి పురుగులు కదల్లేవు. అప్పుడు ఫోన్ లెన్స్‌తోనే మంచి ఫోటో వస్తుంది. దగ్గరకు వెళ్లేకొద్దీ ఫోకస్ వెంట్రుకవాసి అవుతుంది. పురుగు కన్ను స్పష్టంగా ఉంటే కాళ్లు మసకబారతాయి. ఆ కష్టాన్ని చేతికి అలవాటు చేసుకున్నాక, డిగ్రీ రెండో ఏడాదిలో పాత కెమెరా, మ్యాక్రో లెన్స్ కొనిపెట్టవచ్చు.

ఈ పంటకాలం ఒక పని చెప్పండి. మీ చేలో పది మొక్కలు గుర్తుపెట్టుకుని వారానికోసారి వాటి పూలను, ఆకుల అడుగును ఫోటో తీసి, తేదీతో నోట్‌బుక్‌లో రాయమనండి. ఆ నోట్‌బుక్ పట్టుకుని వైరా కృషి విజ్ఞాన కేంద్రానికి ఆమెతో మీరు కూడా వెళ్లండి.