పాఠకుల ప్రశ్నలు, జవాబులు: ఇంట్లో పొదుపు దేనితో మొదలుపెట్టాలి?

ప్రశ్న: మా ఇంట్లో పాత బల్బులన్నీ తీసేసి ఎల్‌ఈడీలు పెట్టుకున్నాం. ఫోను చార్జింగ్ పూర్తి కాగానే చార్జరును ప్లగ్గు నుంచి తీసేయడం పిల్లలకు కూడా అలవాటు చేశాం. ఇంత చేసినా నెలవారీ కరెంటు వాడకంలో చెప్పుకోదగ్గ తేడా రావడం లేదు. మేం గమనించనిది ఏమైనా ఉందా?

జవాబు: ఉంది, అది వేడి. 60 వాట్ల పాత బల్బు ఇచ్చే వెలుతురును ఎల్‌ఈడీ బల్బు సుమారు 9 వాట్లతోనే ఇస్తుంది కాబట్టి మీరు చేసిన మార్పు సరైనదే. అయితే ఆ మార్పు పూర్తయిన ఇంట్లో దీపాల దగ్గర ఇంకా ఆదా చేయడానికి మిగిలేది చాలా స్వల్పం. 9 వాట్ల బల్బు రోజుకు 5 గంటల చొప్పున వెలిగితే నెలకు 1.35 యూనిట్లు ఖర్చవుతాయి. 20 లీటర్ల నీటి ఉష్ణోగ్రతను ఒక్కసారి 25 డిగ్రీలు పెంచాలంటే దాదాపు 0.58 యూనిట్ కావాలి. అంటే ఒక బకెట్ వేడినీళ్లకు పట్టే కరెంటుతో ఆ బల్బును 13 రోజులదాకా వాడుకోవచ్చు. ఫోను తగిలించకుండా ప్లగ్గులోనే వదిలేసిన ఇప్పటి చార్జరు సాధారణంగా ఒక వాట్‌లో పదో వంతు, లేదా అంతకన్నా తక్కువ తీసుకుంటుంది. ఏడాది పొడవునా అలాగే ఉన్నా దాని వాడకం ఒక యూనిట్‌కు చేరదు. పిల్లల మంచి అలవాటును మాన్పించమని నా ఉద్దేశం కాదు గానీ, అంతే శ్రద్ధ గీజర్ మీద కూడా పెడితే మీరు ఆశించిన తేడా కనిపించే అవకాశం ఎక్కువ.

గీజర్‌లో ఉష్ణోగ్రతను అవసరానికి మించి పెట్టి, ఆ తర్వాత చన్నీళ్లు కలుపుకోవడం చాలా ఇళ్లలో జరిగేదే. నీళ్లు ఎంత ఎక్కువ వేడిగా నిలవ ఉంటే ట్యాంకు గోడల గుండా అంత ఎక్కువ వేడి బయటికి పోతుంది. అందుకని ఉష్ణోగ్రతను కాస్త తగ్గించి, స్నానానికి కొద్దిసేపటి ముందు మాత్రమే స్విచ్ వేయడం మంచిది. వేడినీటితో ఉతికే వాషింగ్ మెషీన్‌లో కరెంటు ఎక్కువగా నీటిని కాచడానికే పోతుంది, డ్రమ్మును తిప్పడానికి పోయేది తక్కువ. మామూలు మురికికి చన్నీళ్లు సరిపోతాయి. వంట గిన్నె మీద మూత పెట్టడం, కెటిల్‌లో కావలసినన్ని నీళ్లే పోయడం గురించి విడిగా వివరించనక్కర్లేదు. గదిని చల్లబరచడం కూడా ఒక విధంగా వేడికి సంబంధించిన పనే: లోపలి వేడిని ఏసీ బయటికి నెట్టాలి. లోపలికీ బయటికీ ఉష్ణోగ్రతలో తేడా పెరిగేకొద్దీ దానికి శ్రమ పెరుగుతుంది కాబట్టి, ఒకటి రెండు డిగ్రీలు పెంచి ఫ్యాను తోడు చేసుకుంటే తేడా తెలుస్తుంది. వీటిలో మీ ఇంటికి ఏది వర్తిస్తుందో నా మాట మీద నమ్మనవసరం లేదు. ఒక్కో పరికరం నడిచే ముందూ తర్వాతా మీటర్ రీడింగ్ రాసి పెట్టుకుంటే, వారం తిరిగేసరికి మీ ఇంటి లెక్క మీకే అర్థమవుతుంది.

ప్రశ్న: ప్లాస్టిక్ సంచులు మానేశాం. అయితే ఎక్కడికి వెళ్లినా ఒక గుడ్డ సంచి చేతిలో పెడుతుండడంతో ఇప్పుడు ఇంట్లో అవి గుట్టగా పేరుకున్నాయి. ఇది మంచిదేనా?

జవాబు: సంచి మంచిదే, గుట్ట మంచిది కాదు. పత్తి పండించడానికి, నూలు వడకడానికి, బట్ట నేయడానికి నీరూ శక్తీ చాలా ఖర్చవుతాయి. ఇంగ్లండ్ ప్రభుత్వ పర్యావరణ సంస్థ 2011లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, ఒకసారి వాడి పారేసే పలుచని ప్లాస్టిక్ సంచి కన్నా వాతావరణంపై తక్కువ భారం మోపాలంటే నూలు సంచిని కనీసం 131 సార్లు వాడాలి. ఆ సంఖ్య వాతావరణ మార్పుకు మాత్రమే సంబంధించినది. ప్లాస్టిక్ సంచి కాలువల్లో అడ్డుపడటం, పశువుల కడుపులోకి చేరడం వంటివి అందులో లేవు, కనుక దాన్ని ప్లాస్టిక్‌కు అనుకూలమైన వాదనగా తీసుకోకూడదు. ఉన్నవాటిలో గట్టివి రెండు మూడు ఎంచుకొని చిరిగేదాకా వాడండి, కొత్తది ఇవ్వబోతే వద్దనండి. వంటింట్లోని ప్లాస్టిక్ డబ్బాలు బాగున్నంతకాలం పప్పుదినుసుల వంటి పొడి సరుకులకు వాడుకోవచ్చు. వాటిని పారేసి, ఒకే వరుసలో అందంగా కనిపించే గాజు సీసాలు కొనుక్కోవడం అలమారకు అలంకారమే తప్ప పర్యావరణానికి సాయం కాదు.

ప్రశ్న: వంటింటి వ్యర్థాలన్నీ కంపోస్టు చేస్తున్నాం. అలాంటప్పుడు ఆహారం కొంత మిగిలిపోయినా ఫర్వాలేదు కదా?

జవాబు: ఫర్వాలేదని నేను అనలేను. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచవ్యాప్తంగా వృథా అయిన ఆహారం సుమారు 105 కోట్ల టన్నులు. అందులో 60 శాతం ఇళ్లలో పారేసినదే. ఆహారం చెత్తకుప్పల అడుగున గాలి ఆడకుండా కుళ్లితే మీథేన్ పుడుతుంది. వందేళ్ల వ్యవధిలో చూస్తే, బరువుకు బరువుగా అది కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. గాలి ఆడేలా కంపోస్టు చేస్తే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది, మట్టికి పోషకాలూ కొంత తిరిగొస్తాయి. అయితే ఆ పంటకు పెట్టిన నీరు, ఎరువు, దాన్ని ఇంటిదాకా చేర్చిన ఇంధనం కంపోస్టు గుంతలో నుంచి తిరిగి రావు. తొక్కలు, తొడిమలు కంపోస్టుకు వెళ్లాలి, వండిన వంట కంచంలోకి వెళ్లాలి. ఏమేం పారేస్తున్నారో ఒక వారం రాసి చూడండి. చాలా ఇళ్లలో అవే రెండు మూడు పదార్థాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి, వాటిని కొనేటప్పుడే తగ్గించుకుంటే సరిపోతుంది.

ప్రశ్న: పాత ఫోను, పాత ఫ్రిజ్ రెండూ పనిచేస్తున్నాయి. కొత్తవి కరెంటు తక్కువ తీసుకుంటాయంటున్నారు. మార్చాలా?

జవాబు: రెండింటికీ ఒకే జవాబు కుదరదు. ఫోను జీవితకాలపు ఉద్గారాల్లో ఎక్కువ భాగం దాని తయారీలోనే వెలువడతాయి, చార్జింగుకు పట్టేది చాలా తక్కువ. అందువల్ల బ్యాటరీ మార్పించుకొనైనా ఇంకొంతకాలం వాడటమే మేలు. ఫ్రిజ్ ఏడాదంతా పగలూ రాత్రీ నడుస్తుంది కనుక అక్కడ వాడకమే బరువు. ముందుగా తలుపుకీ అంచుకీ మధ్య ఒక కాగితం ఉంచి మూసి లాగి చూడండి, సులువుగా జారి వస్తే రబ్బరు పట్టీ మార్పించాల్సి ఉంటుంది. వెనుక వేడి పోవడానికి ఖాళీ వదిలి, లోపల 4 డిగ్రీలు ఉండేలా చూసుకోండి. అయినా చాలా ఎక్కువ కరెంటు తీసుకుంటుంటే మార్చడం సమంజసమే. కాకపోతే పాతదాన్ని చల్లటి నీళ్ల కోసమని ఇంకో గదిలో నడపకూడదు. రెండూ నడిస్తే వాడకం తగ్గకపోగా పెరుగుతుంది. పాత ఫ్రిజ్‌లలోని శీతలీకరణ వాయువుల్లో కొన్ని కార్బన్ డయాక్సైడ్ కన్నా వెయ్యి రెట్లకు పైగా వేడి పెంచేవి. కాబట్టి దాన్ని పగలగొట్టి ఇనుము తీసుకునేవారికి కాకుండా, ఆ వాయువును బయటికి వదలకుండా సేకరించే ఏర్పాటు ఉన్నవారికే అప్పగించండి.