గుంయ్‌మంటోంది, తిరగడం లేదు

ప్రశ్న: నమస్తే సార్. మా వర్క్‌షాపుకి కొత్తగా 2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ ఎయిర్ కంప్రెసర్ కొన్నాను, బెల్టు రకం. సాకెట్టు దూరంగా ఉందని 20 మీటర్ల ఎక్స్‌టెన్షన్ వైరు వేసి ఆన్ చేస్తే మొదటిసారి బాగానే తిరిగింది. ట్యాంకులో గాలి ఒత్తిడి చూపే గేజి 4 బార్ చూపించే సరికి వేరే పని తగిలి గోడ దగ్గర స్విచ్ ఆపేశాను. పది నిమిషాలకి మళ్లీ వేస్తే మోటారు గుంయ్‌మంటోంది గానీ తిరగడం లేదు, అంతలోనే ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతట అదే ఆపేసే స్విచ్) పడిపోతోంది. మర్నాడు పొద్దున కూడా అదే వరస, గేజి ఇంకా 4 దగ్గరే ఉంది. అమ్మినాయన వోల్టేజి ప్రాబ్లమ్ అంటున్నాడు. మోటారు కాలిపోయిందేమోనని ఒకటే టెన్షన్. నేనే విప్పి చూడనా?

జవాబు: విప్పకండి. అంతకంటే ముందు, మళ్లీ మళ్లీ స్విచ్ వేసి చూడటం ఆపండి. తిరగకుండా గుంయ్‌మంటున్న మోటారు మామూలు కంటే 5 నుంచి 7 రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది, వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 6 రెట్లు కరెంటంటే వైండింగ్‌లో 36 రెట్లు వేడి, పైగా తిరగనప్పుడు ఫ్యాను గాలి కూడా తగలదు. చిన్న లోపంతో ఆగిన కొత్త మోటారుని పట్టుదలగా పదిసార్లు నొక్కి కాల్చేసినవాళ్లని నేను చూశాను. మీ ఎంసీబీ పడిపోవడం ఇప్పటిదాకా మీకు మేలే చేసింది.

మీరు రాసినదాంట్లోనే కారణం చాలావరకు కనిపిస్తోంది. ఆపింది గోడ దగ్గర స్విచ్ కదా, అక్కడే వచ్చింది చిక్కు. ట్యాంకులో ఒత్తిడిని బట్టి మోటారుని నడిపి ఆపే ప్రెషర్ స్విచ్ మీద ఆటో, ఆఫ్ అని ఒక లివర్ ఉంటుంది చూడండి, దాంతో ఆపితే, లేదా ట్యాంకు నిండి దానంతట అదే ఆగితే, ఒకటి రెండు సెకన్ల పాటు బుస్సుమని చప్పుడు వస్తుంది. అది లీకు కాదు. పంపు హెడ్డు నుంచి ట్యాంకు దాకా ఉన్న పైపులో చిక్కుకున్న గాలిని అన్‌లోడర్ వాల్వు బయటికి వదిలేస్తోందన్న మాట. ఆ గాలి పోతేనే తర్వాతిసారి మోటారు బరువు లేకుండా తేలిగ్గా అందుకుంటుంది. గోడ దగ్గర కరెంటు తీసేస్తే ప్రెషర్ స్విచ్‌కి ఆ సంగతే తెలియదు, అన్‌లోడర్ తెరుచుకోదు, మళ్లీ స్టార్ట్ చేసేటప్పుడు పిస్టన్ మొదటి చుట్టులోనే 4 బార్ గాలికి ఎదురు తోయాల్సి వస్తుంది. మొదటిసారి బాగా తిరిగింది కూడా ట్యాంకు ఖాళీగా ఉండబట్టే.

అమ్మినాయన మాట కూడా కొట్టిపారేయలేం. 20 మీటర్ల వైరంటే పోను రాను 40 మీటర్లు. మార్కెట్లో దొరికే ఎక్స్‌టెన్షన్ బాక్సుల్లో చాలావాటికి 1 స్క్వేర్ ఎంఎం వైరే ఉంటుంది, రాగిదైనా సరే ఆ పొడవుకి దాని రెసిస్టెన్స్ దాదాపు 0.7 ఓమ్. 2 హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు సుమారు 10 ఆంపియర్లు తీసుకుంటుంది, అప్పుడు వైరులో పోయేది 7 వోల్టులే, దాంతో పెద్ద ఇబ్బంది లేదు. స్టార్టింగ్‌లో 60 ఆంపియర్లు లాగినప్పుడు మాత్రం 40 వోల్టులకు పైగా వైరులోనే పోతాయి. సాకెట్టు దగ్గర 230 ఉన్నా మోటారుకి చేరేది 190 లోపే. తిప్పే బలం వోల్టేజి వర్గాన్ని బట్టి తగ్గుతుంది కాబట్టి మూడింట రెండు వంతుల బలమే మిగులుతుంది. ఖాళీ ట్యాంకుకి అది సరిపోయింది, 4 బార్ ఎదురొచ్చేసరికి సరిపోలేదు. వైరు చుట్టగా ఉంచి వాడుతుంటే ఇంకా ప్రమాదం, వేడెక్కి పైతొడుగు కరిగిపోతుంది.

ఇప్పుడు ఇలా చేసి చూడండి. ప్లగ్ పీకేసి, లివర్ ఆఫ్‌లో పెట్టి చెవి పెట్టి వినండి. బుస్సుమని కాసేపటికి ఆగిపోతే అన్‌లోడర్ బాగానే ఉంది. ఆగకుండా వస్తూనే ఉందంటే ట్యాంకులోని గాలి వెనక్కి తన్నుతోంది, అలా వెనక్కి రాకుండా ఆపాల్సిన చెక్ వాల్వు సరిగ్గా కూర్చోవడం లేదు. కొత్త మెషీన్లలో ఇది జరిగేదే, ఫిట్టింగ్‌లో వాడిన టేపు ముక్కో ఇనుప రజనో వాల్వు సీటు మీద చిక్కుకుంటే చాలు. మర్నాడు పొద్దున కూడా మీది తిరగలేదన్నారు కాబట్టి నాకు దీని మీద కొంచెం అనుమానం ఉంది, ఈ చప్పుడు తప్పకుండా వినండి.

తర్వాత ట్యాంకు అడుగున డ్రెయిన్ వాల్వు తిప్పి గాలంతా వదిలేయండి, గేజి ముల్లు సున్నాకి రావాలి. డ్రెయిన్ అలా తెరిచే ఉంచి, కంప్రెసర్‌ని సాకెట్టు దగ్గరికి జరిపి, ఎక్స్‌టెన్షన్ లేకుండా నేరుగా ప్లగ్ పెట్టి లివర్‌తో ఆన్ చేయండి. ఆయిల్ గ్లాసులో ఎర్ర చుక్క దాకా ఉందో లేదో కూడా ఒకసారి చూసుకోండి. తిరిగిందంటే మోటారుకి ఏమీ కాలేదు. ఇక మెషీన్ని అక్కడే ఉంచి గాలి పైపు పొడవుది కొనుక్కోండి, వైరు పొడిగించడం కంటే పైపు పొడిగించడమే ఎప్పుడూ మంచిది. వైరే కావాలంటే 2.5 స్క్వేర్ ఎంఎంకి తగ్గొద్దు.

తిరగకపోతే? మూడు నాలుగు సెకన్లకి మించి గుంయ్‌మననివ్వకండి, వెంటనే ఆపి ప్లగ్ పీకేసి పుల్లీని చేత్తో తిప్పి చూడండి. అస్సలు కదలకపోతే పంపు పట్టేసింది. తేలిగ్గా తిరిగితే అనుమానం మోటారు మొదట కదలడానికి ఊపునిచ్చే స్టార్టింగ్ కెపాసిటర్ మీద, లేదా వేగం అందుకున్నాక దాన్ని తప్పించే, మోటారు లోపలి సెంట్రిఫ్యూగల్ స్విచ్ మీద. రెండింట్లో ఏదైనా కొత్త మెషీన్‌కి అది కంపెనీ పని. కెపాసిటర్ మూత మీరు తీయొద్దు, ప్లగ్ పీకిన తర్వాత కూడా అందులో గట్టిగా షాక్ కొట్టేంత కరెంటు నిలిచి ఉండొచ్చు. పైగా మూత విప్పినట్టు కనిపిస్తే వారంటీ దగ్గర మాట పడుతుంది. ఖాళీ ట్యాంకుతో, నేరుగా సాకెట్టులో పెట్టినా తిరగడం లేదని ఫోన్లో వీడియో తీసి పంపండి, ఎలక్ట్రీషియన్ చేత స్టార్ట్ చేసే క్షణంలో ప్లగ్ దగ్గర వోల్టేజి ఎంతుందో మల్టీమీటర్‌తో కొలిపించి అది కూడా చూపించండి. అప్పుడు వోల్టేజి అని దాటేయడం కుదరదు.

తిరిగి కూడా ఎంసీబీ పడుతుంటే దాని మీద బి 16 అని ఉందో సి 16 అని ఉందో చూడండి. ఆ 16 అనేది ఆంపియర్లు, బి రకం దానికి 3 నుంచి 5 రెట్ల కరెంటుకే వెంటనే పడిపోతుంది, సి రకం 5 నుంచి 10 రెట్ల దాకా ఆగుతుంది. మోటార్లకి సి రకమే వేస్తారు, మార్చేది మాత్రం ఎలక్ట్రీషియన్ చేతే.

ప్రశ్న: నా కొత్త కంప్రెసర్ స్విచ్ వేస్తే కనీసం గుంయ్ అని కూడా అనడం లేదండీ. కొన్నచోట నడిపి చూపించారు. గేజి 7 బార్ చూపిస్తోంది.

జవాబు: మీది చెడిపోలేదనే అనుకుంటున్నా. 8 బార్‌కి ఆగేలా పెట్టిన మెషీన్ సాధారణంగా 6 దగ్గరికి దిగితే గానీ మళ్లీ అందుకోదు. లివర్ ఆటోలో పెట్టి, డ్రెయిన్ కొద్దిగా తెరిచి గేజి చూస్తూ ఉండండి, 6 అటూ ఇటూగా ఉన్నప్పుడు దానంతట అదే స్టార్ట్ కావాలి. చెప్పకుండా ఒక్కసారిగా తిరుగుతుంది, చేతులు బెల్టుకి దూరంగా ఉంచండి. 4 దాకా దిగినా ఉలకకపోతే మోటారు మీద ఎర్ర ఓవర్‌లోడ్ బటన్ ఉందేమో చూసి నొక్కండి. అప్పటికీ కదలకపోతే సర్వీసు వాళ్లకి ఫోన్ చేయండి.